తొమ్మిదో వరుసలో పాప

ఏజెంట్ కెజియాకి ఒకటే భయం. తను ఆకాశంలో ఉన్నప్పుడు కింద పెంటపాడులో తన చంటిపాప ఏడిస్తే, ఆ ఏడుపు ఎవరి చెవినా పడదేమోనని. తుపాకులు, విషాలు ఆ తర్వాతే.

ఊళ్లో అందరికీ ఆమె ఎయిర్‌హోస్టెస్. పాపని చూసుకునే ఆమె తల్లి సలోమికి కూడా అంతే తెలుసు.

2007 జూలై. ఏలూరులో ఒక తివాచీల దుకాణం. వ్యాపారి వేషంలో ఉన్న గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ రూబెన్ తివాచీ పరుస్తూ గొంతు తగ్గించాడు.

"విషం హైదరాబాదులో దిగిందమ్మా. రేపు మీ ఫ్లైట్‌లోనే గన్నవరం వస్తోంది."

"అక్కణ్ణుంచి ఎక్కడికండీ?"

"ఆకివీడు. ఐసు ఫ్యాక్టరీ నీళ్లలో కలుపుతారు. ఆ ఐసులోనే మన కొల్లేరు చేపలు లారీలెక్కి కలకత్తా దాకా పోతాయి. తిన్నవాళ్లు తిన్నచోటే పడిపోతారు."

"తెచ్చేదెవరండీ?"

"మొహం తెలీదు. విదేశీ ముఠా పెట్టిన పేరు 'కొంగ'. ల్యాండయ్యేలోపు పట్టుకోవాలి. నీకు తోడు మన ఏజెంట్ సిల్వియా వస్తుంది. చంటిపిల్ల తల్లి వేషం."

"పిల్ల ఎవరిదండీ?"

"ఆకివీడులో రొయ్యలు ఒలిచే దానమ్మది. పాలడబ్బా ప్రకటనకి హైదరాబాదులో ఫొటో తీయించి, విమానంలో తిరిగి తెస్తానని సిల్వియా అడిగి తీసుకెళ్లింది."

కెజియా తలెత్తింది. "ఇందులోకి పసిదెందుకండీ?"

"పిల్లనెత్తుకున్న తల్లిని ఎవరూ అనుమానించరమ్మా."

మర్నాడు మధ్యాహ్నం చిన్న ప్రొపెల్లర్ విమానం హైదరాబాదులో లేచింది. తొమ్మిదో వరుసలో సిల్వియా. నేత చీర కట్టుకున్నా సినిమా తారలాగే ఉంది. ఒళ్లో పాప, పక్కన నిండు పాలసీసా.

"నీళ్లు కావాలాండీ?" కెజియా కోడ్ అడిగింది.

"మా ఊరి నీళ్లయితేనే తాగుతాను." కోడ్ కలిసింది. సిల్వియా గొంతు తగ్గించింది. "వెనక వరుసలో బట్టతలాయన. పెట్టె ఒళ్లోంచి దించట్లేదు చూడు."

కెజియా వెళ్లి వంగింది. "ఏవండీ, ఆ పెట్టె పైన పెట్టనాండీ?"

"వద్దమ్మా, కేకండీ. మనవరాలి పుట్టినరోజు. ఇది నలిగిందంటే మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

మూత తీయించి చూసింది. కేకే. గులాబీ రంగు క్రీమ్, మధ్యలో 'హరిణి' అని పేరు.

మరి కొంగ ఎవరు? టైమ్ అయిపోతోంది.

విమానం దిగడానికి కొల్లేరు మీదుగా చుట్టు తిరిగింది. కింద చేపల చెరువులు కత్తుల్లా మెరిశాయి. అంతలో తొమ్మిదో వరుసలో పాప గుక్కపట్టింది. దిగేటప్పుడు ప్రతి తల్లికీ చెప్పే మాటే కెజియా చెప్పింది.

"మేడమ్, పాలు పట్టండి. పిల్లకి చెవులు దిబ్బళ్లు వేస్తాయి."

"అదే ఊరుకుంటుందిలెండి."

ఊరుకోలేదు. పక్క సీటు పెద్దావిడ రత్నాంబగారు ఉండబట్టలేకపోయారు. "ఇదేం విడ్డూరం తల్లీ! సీసా నిండా పాలు పెట్టుకుని పిల్లని మాడుస్తావా? పట్టు!"

అందరి తలలూ అటు తిరిగాయి. సిల్వియా సీసా అందుకుంది.

అప్పుడు చూసింది కెజియా. విమానం లేచినప్పటి నుంచీ సీసాలో చుక్క తగ్గలేదు. ఏ తల్లయినా ముందు రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని వేడి చూస్తుంది. సిల్వియా మూత తీసింది. తన చేతి మీద చుక్క పడకుండా సీసాని దూరంగా పట్టుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది.

డిపార్ట్‌మెంట్ కార్డు చూపించిన ఏజెంట్ చేతిలోని సీసాని సెక్యూరిటీ తెరిచి చూడదు.

కెజియా ముందుకు వంగింది. "వేడిగా ఉందేమో. ముందు మీ చేతి మీద ఒక చుక్క వేసుకోండి మేడమ్."

సిల్వియా నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు. "మీ సీటుకి వెళ్లండి. ల్యాండింగ్ టైమ్."

సీసా పీక పాప పెదవుల దగ్గరికి వెళ్లింది. ఆకలి మీదున్న పసిది నోరు తెరిచింది.

కెజియా తన చేతి గాజు నొక్కింది. అందులో దాచిన మత్తు సూది సిల్వియా ముంజేతిలో దిగింది. రెండో చేత్తో సీసాని నిటారుగా లాక్కుంది. చుక్క కింద పడలేదు.

"కొంగవి నువ్వేనా?" చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"పరాయి పిల్లే కదే..." సిల్వియా కళ్లు మూతపడ్డాయి.

"అయ్యో, కళ్లు తిరిగాయా?" అన్నారు రత్నాంబగారు.

"అవునండీ. నీరసం." కెజియా సీసాకి మూత బిగించింది. పాపని గుండెకి హత్తుకుని తన సీటులో బెల్టు పెట్టుకుంది. చక్రాలు నేలను తాకాయి. పాప ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు వింటుంటే కెజియాకి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రానికి పాప దానమ్మ ఒడికి చేరింది. ముఠాలో ఇద్దరు మాత్రం దొరకలేదు. ఆకివీడు పరిసరాల్లోనే ఉన్నారట.

"నువ్వు అటు వెళ్లకమ్మా," అన్నాడు రూబెన్. "నీ వెనకాలే వాళ్లు దానమ్మ గుమ్మం దాకా వచ్చేస్తారు."

అందుకని, మీలో ఎవరైనా ఆకివీడు వెళ్తే రొయ్యల షెడ్డు దగ్గర దానమ్మ ఇల్లు అడగండి. పాప ఎలా ఉందో, కడుపునిండా తాగుతోందో లేదో ఒక్కసారి చూసి రండి. ఎవరు పంపారని అడిగితే, ప్రయాణం సుఖంగా జరిగిందా అని ఎయిర్‌లైన్స్ వాళ్లు కనుక్కోమన్నారని చెప్పండి.