ఆక్వా అకాడమీకి పాతికమంది

దత్తసాయి తొమ్మిదో తరగతి గదిలోకి అడుగుపెట్టేసరికి టేబుల్ మీద గాజు తొట్టి, తొట్టిలో కొర్రమీను పిల్లలు. పక్కనే కొంగు నడుముకి దోపుకుని, మోచేతుల దాకా తడిసిన ఒక అమ్మాయి.

"ఏవండీ, ఇది మ్యాథ్స్ పీరియడండీ."

"తెలుసండీ. నీళ్ళు మార్చేసి వెళ్ళిపోతాను. అంతవరకూ మీ త్రిభుజాలు కాస్త ఓపిక పట్టవా?"

పిల్లలు గొల్లున నవ్వారు. దత్తసాయికి కోపం రావాలి. రాలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఆమె పేరు హెప్సిబా. సొంతూరు కొల్లేటికోట. గుండుగొలను దగ్గరున్న ఆ ప్రభుత్వ హైస్కూల్లో ఈ ఏడే కెరీర్ అకాడమీలు పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు మామూలు చదువుతో పాటు హెల్త్, కంప్యూటర్స్, ఆక్వాల్లో ఏదో ఒకటి ఎంచుకుని పని నేర్చుకోవాలి. ఆక్వా, అంటే చేపల పెంపకం, నేర్పడానికి వచ్చింది హెప్సిబా. పాతికమంది చేరితేనే ఆ అకాడమీ ఉంటుంది. లేకపోతే అదీ, ఆమే వేరే బడికి పోవాల్సిందే.

ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి దత్తసాయికి మనసు మనసులో లేదు. పిల్లల్ని వెంటేసుకుని ఆమెతో చెరువుగట్ల మీద తిరిగాడు. ఏలూరులో పురోహితుల ఇంట పుట్టి, చేపల బుట్ట కనిపిస్తే రోడ్డు దాటే మనిషి! ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ మోటారు షెడ్డులోకి పరుగెత్తారు. ఆమె ముక్కు మీంచి చినుకు జారుతుంటే అతను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయండీ. మీకేమైంది మాస్టారూ?"

"నాకూ అదేనేమోనండీ."

ఆమె నవ్వేసింది. ఆ నవ్వుకి అర్థం అడగాలనుకున్నాడు. అడ్మిషన్లు అయ్యాక అడుగుదాంలే అని వాయిదా వేశాడు, తెలివితక్కువ మనిషి.

తల్లిదండ్రుల మీటింగు వచ్చింది. మేత లెక్క, జబ్బులు కనిపెట్టడం, ల్యాబుల్లో ఉద్యోగాలు, ఆ పైన డిగ్రీ, అన్నీ హెప్సిబా చక్కగా చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆక్వాకి మాత్రం నాలుగైదు చేతులే లేచాయి. దత్తసాయి కంగారుగా మైకు అందుకున్నాడు.

"మీరేం దిగులు పడకండి. మార్కులొచ్చేవాళ్ళకి హెల్త్ ఉంది, కంప్యూటర్స్ ఉంది. చదువు అంతంతమాత్రంగా ఉన్న పిల్లల్నీ మేం వదిలెయ్యట్లేదు. వాళ్ళకి ఆక్వా ఉంది!"

మార్కులు చూసి పిల్లల్ని ఏ సెక్షన్, బీ సెక్షన్ అని పిలవడం మరిగిన నోరది. అలవాటుగా అనేసింది. పాతికమంది నిండాలన్న ఆత్రమే తప్ప పాపం అతని మనసులో మరేం లేదు.

చెరువు పనులు చేసుకునే అప్పారావు ఎత్తిన చెయ్యి దించి లేచాడు. "అయితే మా అమ్మాయికొద్దులెండి మాస్టారూ. క్లాసులో ఫస్టండీ అది. మేడమ్ గారి దగ్గరే చేరతానని పొద్దున్నించీ ఒకటే గోల."

మిగతా చేతులూ దిగిపోయాయి. హెప్సిబా కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి దత్తసాయి ఇంటింటికీ తిరిగాడు. తప్పుగా మాట్లాడానండీ అన్నాడు. అందరూ కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, "అలాగేనండీ, చూద్దాం" అన్నారు. ఒక్కరూ చేర్చలేదు. హెప్సిబాకి చింతలపూడి వైపు బడికి ఆర్డరొచ్చింది.

ఏలూరు బస్టాండులో ఆమెని పట్టుకున్నాడు.

"హెప్సిబా గారూ, మీరంటే నాకు ప్రాణమండీ. పెళ్ళి చేసుకుందాం."

"నాకూ మీరంటే ఇష్టమేనండీ," అంది నెమ్మదిగా. "మీటింగులో ఆ మాట ఇంకెవరైనా అనుంటే మైకు లాక్కుని పోట్లాడేదాన్ని. మీరన్నారని నోరు పెగల్లేదు."

"మీ కోసమే కదండీ నేను..."

"అదే భయమండీ. రేపు మీవాళ్ళ ముందు కూడా నా కోసమే మాట్లాడతారు. పక్కన నిలబడి అది నేను వినాలి."

బస్సు హారన్ కొట్టింది. ఎన్నటికీ అలా మాట్లాడనని ఒట్టు పెట్టబోయాడు దత్తసాయి. అంతలో ఒకటి గుర్తొచ్చి ఆగిపోయాడు. నిన్ననే వాళ్ళమ్మని ఒప్పించడానికి, "చేపల చెరువులవాళ్ళే గానీ, చాలా పద్ధతైన పిల్లమ్మా" అన్నాడు. అన్నప్పుడు అందులో తప్పేం కనిపించలేదు.

"వెళ్ళొస్తానండీ," అని హెప్సిబా బస్సెక్కింది. అతను ఆపలేదు.