ఫైరింగ్ రేంజి పక్క బావి

ఆ బావి మాట ఎత్తితే చాలు, ఎంతటి వాగుడుకాయైనా నోరు మూసుకునేవాడు. ఫైరింగ్ రేంజి కంచెను ఆనుకుని ఉండేది. సిపాయిలు తుపాకులూ ఫిరంగులూ కాల్చడం నేర్చుకున్న మైదానం అది. వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. బావి మీద రేకు కప్పి, పుర్రె బొమ్మ వేసిన ఎర్ర బోర్డు పెట్టారు. తాడూ బొక్కెనా తీసేశారు. మిగిలింది గిలక ఒక్కటే. అయినా కొన్ని రాత్రులు ఆ గిలక తిరుగుతుంది... కీచ్... కీచ్... నీళ్ళలో బొక్కెన పడ్డ చప్పుడు... మళ్ళీ కీచ్...

తోడేది ఎవరు? పుకారుకు కాళ్ళూ చేతులూ తగిలించేది జనమే కదా! పాలవాడు తెల్లబట్టలు చూశానని ఒట్టు పెట్టుకున్నాడు. దెయ్యాలకు ఇంకో రంగు గుడ్డ దొరకదు కాబోలు! టైలరు మాత్రం గొంతు తగ్గించి, "కాదు... చిన్నపిల్ల," అన్నాడు. "దాహంతో పోయింది కదా... నీళ్ళ కోసం వస్తోంది."

అంతలో పంపు ఆపరేటరు అటు రావడం చూసి నాలుక కరుచుకున్నాడు. కానీ ఆ మాట అతని చెవిన పడనే పడింది. దాహంతో పోయిన పిల్ల ఆ చుట్టుపక్కల ఒక్కతే. అది అతని కూతురు.

ఇంట్లో దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. తినేది రెండు మెతుకులు, చేసేది ఊరంత గోల. ఆ బావి నీళ్ళంటే ప్రాణం. దానికేనా? ఇంటింటికీ అవే నీళ్ళు. మిగిలిపోయిన పేలుడు మందును సిపాయిలు గుంటల్లో పోసి తగలబెట్టేవారట. అది వానకు కరిగి నేలలోకి దిగి, ఏళ్ళ తరబడి బావిలో కలిసింది. రంగు లేదు, వాసన లేదు. రుచికి ఏ నీళ్ళూ సాటి రావు. ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? పెద్దవాళ్ళు తట్టుకున్నారు గానీ పిల్ల కిడ్నీలు తట్టుకోలేదు. ఆస్పత్రిలో నీళ్ళు చెంచాతో కొలిచి ఇమ్మన్నారు. "అమ్మా... మన బావి నీళ్ళమ్మా... ఒక్క గ్లాసు..." అని అడుగుతూ అడుగుతూనే పోయింది. అలాంటి కడుపుకోత పగవాడికి కూడా వద్దు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత వచ్చారు శుభ్రం చేసేవాళ్ళు. గుంటల్లో మట్టి తవ్వి లారీల్లో ఎత్తుకుపోయారు. నేల లోపలి నీళ్ళ కోసం పంపు షెడ్డు కట్టారు. ఆ నీళ్ళను పైకి తోడడం, బొగ్గు నింపిన ట్యాంకుల్లోంచి పంపడం, విషం బొగ్గుకు అంటుకున్నాక మళ్ళీ నేలలోకి వదలడం. రాత్రింబవళ్ళు అదే పని. ఆ పంపు నడపడానికే అతను చేరాడు. "ఇలా ముప్పై ఏళ్ళు తోడితే గానీ మంచినీళ్ళు కావు" అని ఇంజినీరు అన్న మాట ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె విని ఊరుకుంది. పిల్ల పోయిన దగ్గర్నుంచి ఆమెకు మాటా లేదు, కంట తడీ లేదు.

టైలరు మాట విన్నాక అతనికి నిద్ర పట్టలేదు. భయమా? అబ్బే... ఆశ! రాత్రి డ్యూటీ తనదే, బావి కూతవేటు దూరం. అందరికీ వినబడే చప్పుడు తనకే ఎందుకు వినబడదు? మోటారు హోరు మరి! ఆ హోరులో పక్కన పిడుగు పడ్డా తెలియదు.

ఆ రాత్రి మోటారు ఆపేశాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

నిశ్శబ్దం... కాసేపు ఏమీ లేదు... తర్వాత...

కీచ్... కీచ్...

టార్చి తీసుకోలేదు, వెలుతురుకు బెదిరి పోతుందేమోనని. కర్రా తీసుకోలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా ఒక్కటే చేత పట్టుకున్నాడు. అప్పుడు ఇవ్వలేకపోయాను, ఇప్పుడైనా తాగుతుంది నా తల్లి, అనుకున్నాడు.

కంచె వెంట చీకట్లో తడుముకుంటూ వెళ్ళాడు. బావి మీద రేకు తొలగించి ఉంది. ఎవరో వంగి తాడు లాగుతున్నారు. బొక్కెన పైకి రాగానే నేల మీద కుమ్మరించి, మళ్ళీ లోపలికి వదిలారు...

"పిచ్చుకా..." అని పిలిచాడు. "నేనమ్మా... నాన్నను..."

తాడు జారిపోయింది. బొక్కెన దభీమని నీళ్ళలో పడింది. ఆ నీడ మెల్లగా ఇటు తిరిగింది...

అతని భార్య!

మోకాళ్ళ దాకా తడిసిపోయింది. అరచేతుల నిండా బొబ్బలు.

"నువ్వా... ఇక్కడేం చేస్తున్నావే?"

"తోడుతున్నాను," అంది. "మీరేగా చెప్పారు, తోడితే మంచినీళ్ళవుతాయని. మీ పంపొక్కటే అయితే ముప్పై ఏళ్ళు... అన్నాళ్ళు అది దాహంతో ఎలా ఉంటుందండీ? నేనూ ఒక చెయ్యి వేస్తే తొందరగా అవుతుందని, మీకు డ్యూటీ ఉన్న రాత్రులు తాడూ బొక్కెనా పట్టుకుని వస్తున్నాను."

అతను కిందికి చూశాడు. కాళ్ళ కింద అంతా బురద. బొగ్గు లేదు, ట్యాంకు లేదు... ఆమె పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకి, మళ్ళీ ఆ బావిలోకే దిగుతున్నాయి. ఇన్ని రాత్రులూ పిచ్చిది అవే నీళ్ళు తోడుతోంది.

"నీళ్ళు పరీక్షకు పంపుతారుగా," అంది ఆశగా. "ఏమైనా తగ్గిందా?"

చెప్పాలి... ఏ నోటితో చెబుతాడు?

"తగ్గింది," అన్నాడు. "బాగా తగ్గిందే."

ఆమె మొహం కాస్త తేటపడింది. అప్పుడు చూసింది అతని చేతిలో సీసాను.

"ఆ నీళ్ళు ఎవరికి?"

అతను సీసాను వెనక్కి దాచుకోబోయాడు.

"ఎవరికండీ?" దగ్గరకొచ్చి చొక్కా పట్టుకుంది. "ఇందాక దాన్ని పిలిచారు... కనబడిందా? ఇక్కడికి వస్తోందా?"

"లేదే... జనం అంటుంటే... ఈ చప్పుడు అదేననుకున్నాను."

"నేనండీ... ఆ చప్పుడు నేను."

"ఊఁ... నువ్వే."

అప్పుడు ఏడ్చింది. ఆస్పత్రిలో ఏడవనిది, పిల్లను ఇంటికి తెచ్చినప్పుడు ఏడవనిది, అక్కడ భోరుమంది. అతనూ పక్కన కూలబడ్డాడు. దెయ్యం ఉందని ఏడ్చినవాళ్ళ కథలు బోలెడు విన్నాను గానీ, లేదని ఏడ్చినవాళ్ళ కథ నేను విన్నది ఇదొక్కటే.

ఎంతసేపటికో ఆమె మొహం తుడుచుకుంది. అతని చేతిలోంచి సీసా తీసుకుని, మూత విప్పి, గట్టు మీద పెట్టింది.

"ఇంకొక్కసారి పిలవండి," అంది మెల్లగా. "నేను పిలిస్తే అది ఎప్పుడు పలికింది గనక? మీరు పిలిస్తేనే వస్తుంది."