రెండోసారి అడగనివాడు

"రేపు యూనివర్సిటీ వేసవి ప్రసంగాల్లో నువ్వు మాట్లాడుతున్నావు" అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీద పడేసి.

డిపార్ట్‌మెంటులో కందిరీగ అని పేరుపడ్డ ఏజెంటు ఫైలు ముట్టుకోకుండా దానివైపే చూశాడు. తుపాకీ ముందు నిలబడటం అతనికి అలవాటే. మైకు ముందు మాత్రం ఎప్పుడూ నిలబడలేదు.

"విషయం?"

"మనుషుల మీద ప్రయోగాలు, వాటి నైతిక నియమాలు. అసలు వక్త మన దగ్గర క్షేమంగా ఉన్నాడు. నువ్వు బట్టీ పట్టు."

చీఫ్ మిగతాది క్లుప్తంగా చెప్పాడు. మైక్రో ఇంజనీరింగ్ సెషన్‌లో ఇద్దరు ఇంజనీర్లు వెంట్రుక కన్నా సన్నని సూదులున్న ప్యాచ్‌లను వాలంటీర్ల చేతికి అంటిస్తారు. ఇద్దరిలో ఒకడు విదేశీ ముఠా మనిషి. వాడి ప్యాచ్‌లో ఉండేది విషం. దాన్ని కొనేవాళ్లు ప్రేక్షకుల్లోనే కూర్చుంటారు. ముందే సెషన్ ఆపేస్తే అందరూ జారుకుంటారు. ఎవడన్నది నెమలి చెబుతుంది.

నెమలి మన డబుల్ ఏజెంటు. పైకి మైక్రోస్కోపులు అమ్మే అందగత్తె.

మర్నాడు కందిరీగ పెట్టుడు గడ్డంతో ప్రసంగం గట్టెక్కించి కిందికి దిగాడు. నెమలి పక్కకొచ్చి, ఏసీ చల్లగా లేదంది. ఫ్యాను నయమన్నాడు. కోడ్ కుదిరింది.

"బట్టతలాయన" అని గొణిగి వెళ్లిపోయింది.

అప్పుడే వాలంటీర్లు వేదికెక్కారు. రెండో కుర్చీలో కూర్చున్న పిల్లను చూడగానే కందిరీగకు ఒళ్లు చల్లబడింది. ఆ అమ్మాయి అతని అక్క కూతురు. మామయ్య ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకుంటాడని ఆమె నమ్మకం.

బట్టతలాయన మొదటి వాలంటీరు దగ్గరికొచ్చాడు. కందిరీగ వేలు లేజర్ పాయింటర్ మీద బిగిసింది. అందులో మత్తు సూది ఉంది.

"సంతకం పెట్టావు బాబూ, అయినా మళ్లీ అడుగుతున్నా" అన్నాడు బట్టతలాయన. "వద్దంటే మానేద్దాం. కారణం కూడా చెప్పక్కర్లేదు."

కందిరీగ వేలు సడలింది. ఇందాక తను చిలకపలుకుల్లా అప్పజెప్పిన మాటలే అవి. ఈయన మాత్రం తలుపు తట్టి లోపలికొచ్చేవాడిలా అలవాటుగా అడిగాడు. ఈ పనిలో పండినవాడు అడక్కుండా చెయ్యి ముట్టడు.

రెండో ఇంజనీరు చిరునవ్వుతో వచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని, ప్యాచ్ మీది కాగితం ఒలిచాడు. ఏమీ అడగలేదు.

నెమలి తప్పు మనిషిని చూపి తన నెత్తిన చెయ్యి పెట్టిందని కందిరీగకు అర్థమైంది.

"ఆగండి. అమ్మాయిని అడగలేదు" అన్నాడు లేచి.

"సంతకం ఉందండీ."

"సరే, ముందు మీ చేతికి అంటించుకోండి."

వాడి చిరునవ్వు మాయమైంది. ఆ గొంతు గుర్తుపట్టి పిల్ల గడ్డంవైపు తేరిపార చూసింది.

"నాకు వద్దు. నేను తప్పుకుంటున్నా" అంటూ చెయ్యి లాక్కోబోయింది.

వాడు వదల్లేదు. ప్యాచ్ చర్మానికి తాకబోయేంతలో పాయింటర్ క్లిక్‌మంది. వాడు మెడ పట్టుకుని కుప్పకూలాడు, ప్యాచ్ నేల మీద పడింది. తలుపుల దగ్గర మనవాళ్లు కొనేవాళ్లను, వాళ్లతోపాటు నెమలినీ పట్టుకున్నారు.

"మామయ్యా, ఇన్సూరెన్సులో గడ్డం కూడా పెట్టమంటారా?" అంది పిల్ల వణుకుతూ. అతను ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఇంకో ఫైలు తోశాడు.

"వద్దంటే కారణం చెప్పక్కర్లేదు కదా సార్?" అన్నాడు కందిరీగ.

"ఆ నియమం మనుషులకయ్యా" అన్నాడు చీఫ్. "నువ్వు ఏజెంటువి."