వర్షిణి-3 పదవీ విరమణ

నవంబరు ముప్పై, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఇంకో గంటా యాభై నిమిషాల్లో వర్షిణి-3 పదవీ విరమణ చేయబోతోంది.

వర్షిణి-3 మనిషి కాదు. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున, బంగాళాఖాతం మీద చూపు నిలిపిన వాతావరణ ఉపగ్రహం. ఆ రోజు దాని చూపు కింద ఒక తుపాను సుడి తిరుగుతోంది. ఆ తుపానుకీ తీరానికీ మధ్య రెండు వందల పన్నెండు చేపల బోట్లున్నాయి. తుపాను ఎటు మళ్లిందో, ఏ రేవు దగ్గరో బోట్లకి సందేశాలు అందిస్తున్నది కూడా వర్షిణే. దాని స్థానంలోకి రావలసిన వర్షిణి-4 డిసెంబరు మూడో వారంలో గానీ పైకి వెళ్లదు.

“ఆపండి దాన్ని,” అన్నారు డైరెక్టర్ గారు, కంట్రోల్ రూమ్ మధ్యలో నిలబడి.

“ఆపలేం సార్,” అన్నాడు డాక్టర్ చక్రధర్.

“చేసింది నువ్వే కదయ్యా!”

“ఎవరూ మార్చలేనట్టు చేశాను సార్. ఆ ఎవరూలో నేనూ ఉన్నాను.”

చక్రధర్ చేసిన యంత్రం పేరు ‘సమన్వయ’. దాని సంగతి చెప్పాలంటే, అంతకు ముందు ఆ అంతరిక్ష సంస్థలో రెండు లోకాలుండేవి. ఉద్యోగుల సంగతులన్నీ ఆఫీసు బీరువాల్లో, ఉపగ్రహాల సంగతులన్నీ కంట్రోల్ రూమ్‌లో. సోమవారం రివ్యూ మీటింగులో కంట్రోల్ రూమ్ వాళ్లు “మూడో యాంటెన్నాకి ఇంజనీరు కావాలి” అంటే, ఆఫీసు వాళ్లు “ఆయన్ని మొన్న బుధవారమే బదిలీ చేశాం” అనేవాళ్లు. టీ తాగి లేచి వెళ్లిపోయేవాళ్లు. యాంటెన్నా అలాగే ఉండేది.

చక్రధర్ ఈ రెండు లోకాలనీ కలిపేశాడు. ఉద్యోగి అయినా, ఉపగ్రహమైనా సంస్థకి పనిచేసేదే కదా అని, ప్రతి ఉపగ్రహానికీ ఒక సర్వీసు రిజిస్టరు తెరిచాడు. ఎప్పుడు చేరింది, ఏం పని చేసింది, ఎప్పుడు దిగిపోవాలి. వర్షిణికి రాసింది పన్నెండేళ్ల సర్వీసు. సమన్వయ ఇవన్నీ రాసుకుని ఊరుకోదు, తానే అమలు చేస్తుంది. మనిషికి పదవీ విరమణ అంటే కాగితం ప్రింటవుతుంది, గేటు పాసు పనిచేయడం మానేస్తుంది. ఉపగ్రహానికి పదవీ విరమణ అంటే ఇంధనం వదిలేయడం, బ్యాటరీలు తెంచేయడం. ఇక మళ్లీ లేవదు. వర్షిణికి ఆ ఆజ్ఞ నెల కిందటే పైకి వెళ్లి, దాని గడియారంలో కూర్చుని ఉంది. రద్దు చేసే తాళం సమన్వయ దగ్గర మాత్రమే ఉంది.

పై నుంచి ఎవరు ఫోన్ చేసినా, ఎవరి బంధువు అడిగినా ఒక్క తేదీ కూడా మారదు. అందరూ మెచ్చుకున్నది ఆ ఏర్పాటునే. దానికే చక్రధర్‌కి సన్మానం చేసి శాలువా కప్పారు. ఆ శాలువాతోనే ఇప్పుడు ఆయన మెడ మీద చెమట తుడుచుకుంటున్నాడు.

సర్వీసు పొడిగించమని డైరెక్టర్ గారు పంపిన వినతికి జవాబు తెర మీద అలాగే ఉంది: ‘పొడిగింపు వినతి ఆరు నెలల ముందు అందవలెను.’

“తుపాను ఆరు నెలల ముందు చెప్పి వస్తుందా?” అని డైరెక్టర్ గారు తెర మీద అరిచారు. తెరకి చెవుల్లేవు.

వర్షిణి బొమ్మలు చూసి బోట్లకి సందేశాలు పంపే కుర్చీలో దేవసేన ఉంది. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఆమెదే. కాంట్రాక్టు ఉద్యోగం.

“ఏంది సార్ మీరనేది?” అంది వెనక్కి తిరక్కుండానే. “ఇది ఆగిపోతే బోట్లోళ్లకి ఎవురు చెప్తారు?”

“విదేశీ ఉపగ్రహాల బొమ్మలు వస్తాయమ్మా, సందేశాలూ వాటి మీదే పంపొచ్చు. మూడు గంటలు ఆలస్యం, అంతే,” అన్నాడు చక్రధర్.

“మూడు గంటల్లో తుపాను ముప్పై మైళ్లు పోతాది సార్. మా తమ్ముడు మురుగయ్య ఆ నీళ్ల మీదే ఉండాడు. మూడు గంటల కిందట తుపాను యాడుండిందో వానికి చెప్పి నేనేం చేసుకునేది?”

ఆ గదిలో పీహెచ్‌డీలు పద్నాలుగున్నాయి. పద్నాలుగూ తమ తమ తెరల వైపు తిరిగాయి.

అప్పుడు తలుపు తోసుకుని హైమావతి వచ్చింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్, ఉద్యోగుల సర్వీసు లెక్కలు చూసే మనిషి. చేతిలో ఒక కాగితం, ముఖం నిండా చిరాకు.

“సార్, ఈ యంత్రం నాకు ఆర్డరు వేసింది. అయిదింటికి వర్షిణి-3 వీడ్కోలు సభట. పూలదండ ఒకటి, టిఫిన్లు అరవై. టిఫిన్లకి మనుషులు దొరుకుతారు. దండ ఎవరి మెడలో వేయమంటారు?”

“ఇప్పుడు కాదు హైమావతి గారూ,” అన్నాడు చక్రధర్.

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? అయిదున్నర తర్వాత అది ఉండదుగా!” అంటూ ఆమె తెర వైపు చూసింది. వర్షిణి సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ అక్కడ తెరిచి ఉంది. హైమావతి కళ్లద్దాలు సర్దుకుని చదివింది. “చేరిన తేదీ డిసెంబరు ఒకటి, తొమ్మిది ఇరవై, పూర్వాహ్నం. పొద్దున చేరిందా ఇది? ఎవరు చెప్పారు?”

“రాకెట్ రికార్డులోనే ఉందండీ. తొమ్మిది ఇరవై.”

“నేను అన్నం తిని బయటికొచ్చి చూశాను ఆ రాకెట్‌ని. పొద్దున తొమ్మిదింటికి నేను అన్నం తింటానా?”

చక్రధర్ ఓపిగ్గా చెప్పాడు. “రాకెట్ల లెక్క యూనివర్సల్ టైములో ఉంటుందండీ. మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. అక్కడ తొమ్మిది ఇరవై అంటే ఇక్కడ రెండు యాభై.”

“అంటే మధ్యాహ్నం.”

“మధ్యాహ్నమే. అయితే ఏమిటి?”

హైమావతి ఆయన్ని ఎగాదిగా చూసింది. “ఎంత చదివారండీ మీరు?”

“ఏం?”

“ఊరికే అడిగాను. వినండి. పొద్దున చేరినవాడికి ఆ రోజు నుంచే సర్వీసు. మధ్యాహ్నం చేరినవాడికి మర్నాటి నుంచి. అటెండరుకైనా, డైరెక్టర్ గారికైనా ఇంతే. వర్షిణి ఒకటో తేదీ పొద్దున చేరిందనుకుని మీ యంత్రం పన్నెండేళ్లు ఇవాళ్టితో నింపేసింది. మధ్యాహ్నం చేరితే సర్వీసు రెండో తేదీ నుంచి. పన్నెండేళ్లు నిండేది రేపు. రేపంటే డిసెంబరు. ఏ నెలలో నిండితే ఆ నెలాఖరుకి కదా దిగిపోవాలి?”

చక్రధర్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. “డిసెంబరు ముప్పై ఒకటి!”

“మీరు తేదీ మార్చమని అడుక్కుంటున్నారు. అడుక్కుంటే అది ఇవ్వదు. తప్పు రాసుకున్నావు, దిద్దుకో అనండి.”

చక్రధర్ వేళ్లు పరిగెత్తాయి. సమన్వయ నాలుగు సెకన్లలో జవాబిచ్చింది: ‘పొరపాటు సవరణకు స్థానిక కాలమును ధ్రువపరచు ఆనాటి కార్యాలయ పత్రము జతచేయవలెను.’

రాకెట్ రికార్డులన్నీ యూనివర్సల్ టైమే. కంట్రోల్ రూమ్ లాగ్ అంతా యూనివర్సల్ టైమే. అంత పెద్ద సంస్థలో ఆ ప్రయోగం గురించి మన గడియారం ప్రకారం రాసిన కాగితం ఒక్కటీ కనబడలేదు. గంట నాలుగున్నర.

“మేం చూడ్డానికి బయటికెలా వచ్చామనుకున్నారు?” అంది హైమావతి. “డ్యూటీ టైములో ఊరికే వదులుతారా? సర్క్యులర్ వేశారు. నేనే టైప్ చేశాను.” అప్పటికే తలుపు దాటింది.

కింద అంతస్తులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ది ఆకుపచ్చ బీరువా. పన్నెండేళ్ల సర్క్యులర్లు కట్టలు కట్టి ఉన్నాయి. పదేళ్లు దాటినవి పారేయమని ఆర్డరొచ్చినా హైమావతి పారేయలేదు. అయిదూ ఏడుకి ఆమె పైకి వచ్చింది, చీర నిండా దుమ్ముతో. కాగితం మీద ఇలా ఉంది: ‘ఈ దినము మధ్యాహ్నం గం. 2.50కి వర్షిణి-3 ప్రయోగము. సిబ్బంది గం. 2.40 నుండి 3.10 వరకు ఆవరణలో నిలబడి చూచుటకు అనుమతించడమైనది. తరువాత ఎవరి సీట్లలో వారు ఉండవలెను.’

స్కాన్ చేశారు. సమన్వయ నంబరు చూసుకుంది, తేదీ చూసుకుంది, సంతకం చూసుకుంది. అయిదూ పదమూడు. అయిదూ పదిహేను. డైరెక్టర్ గారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. దేవసేన మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. బోట్లకి సందేశాలు పంపుతూనే ఉంది.

అయిదూ పదిహేడుకి తెర మారింది. ‘సవరణ ఆమోదించబడినది. పదవీ విరమణ: డిసెంబరు 31, అపరాహ్నం. పూర్వపు ఆజ్ఞ రద్దు చేయబడినది.’

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు, గదిలో ఫ్యాన్ వేసినట్టయింది. చక్రధర్ నేల మీదే కూర్చుండిపోయాడు. హైమావతి ఆయన చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చి, “టిఫిన్లు ఆర్డరిచ్చేశాను. తినండి,” అంది.

ఆరింటికి తుపాను ఉన్నట్టుండి ఉత్తరానికి మళ్లింది. వర్షిణి చూసింది, దేవసేన చెప్పింది, బోట్లు దక్షిణం రేవులకి తిరిగాయి. ఆదివారం మధ్యాహ్నానికి రెండు వందల పన్నెండో బోటు కూడా ఒడ్డుకి చేరింది. మురుగయ్య ఫోన్ చేసి, “అక్కా, వచ్చేసినాం. అన్నం పెట్టే దిక్కు లేదిక్కడ,” అని తిట్టాడు. దేవసేన ఆ తిట్లు విని ఏడ్చింది.

మరుసటి సోమవారం సమన్వయ ఇంకో ఆర్డరు వేసింది. తుపానులో శని, ఆదివారాలు పనిచేసినందుకు వర్షిణి-3కి రెండు రోజుల పరిహార సెలవు మంజూరు. మంగళ, బుధవారాల్లో కెమెరా కళ్లు మూసుకుంటుంది. ఆ సెలవు కాలానికి ఆ పని బాగా తెలిసినవారిని ఇన్‌చార్జిగా నియమించాలి. లాగ్‌లు వెతికితే సమన్వయకి ఒకే పేరు కనబడింది: పామంజి దేవసేన. ఇన్‌చార్జికి పర్మనెంటు ఉద్యోగి నంబరు లేకపోతే ఆర్డరు చెల్లదు కాబట్టి, పదకొండేళ్లలో ఏ అధికారికీ ఇవ్వాలని తోచని నంబరు ఒకటి అదే ఇచ్చేసింది.

డైరెక్టర్ గారు కంగారుపడ్డారు. “ఇదేం విడ్డూరమండీ, ఉపగ్రహం బదులు మనిషా? హైమావతి గారూ, దీన్లో కూడా ఏదైనా తప్పు పట్టండి.”

“చూశాను సార్. ఒక్క తప్పూ లేదు. ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకునే రూలు కూడా వెతికాను. అదీ లేదు.”

బొమ్మలు లేకపోతే పనేముంది? పద్నాలుగు పీహెచ్‌డీలూ మంగళవారం ఇంటికెళ్లి నిద్రపోయాయి. దేవసేన పొద్దున్నే కేంద్రం మేడ మీదికెక్కి, చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసింది. తూర్పున సముద్రం పలకలా ఉంది. రిజిస్టరులో ‘మేఘములు లేవు. గాలి లేదు’ అని రాసి, కింద సంతకం చేసి, సంతకం కింద కొత్త నంబరు ఒక్కొక్క అంకె దిద్ది వేసింది.

ఫోన్ మోగింది. మురుగయ్య.

“అక్కా, ఇయ్యాల చేపల ఏటకి పోవచ్చునా? ఉపగ్రహం ఏమంటా ఉండాది?”

“అది సెలవులో ఉండాదిరా. దాని బదులు నేనుండా. పో.”