పెద్దమ్మకు చెప్పని మాట

ఆ రోజు పెద్దమ్మ చెయ్యి జనెల్ జుట్టు మీదికి దిగకముందు గాల్లో ఉన్నంతసేపూ వ్యవధి ఉంది కదా, అనుకుంటున్నాడు శ్రేయాస్. ఆ కాస్తలో మనిషి ఎన్ని చెయ్యొచ్చు! దగ్గొచ్చు. గ్లాసు జారవిడవొచ్చు. "పెద్దమ్మా, పాయసం మాడుతోంది" అని అరవొచ్చు. తను మాత్రం నవ్వాడు.

ఇప్పుడు ఆవిడ ఇంటికే భోజనానికని జనెల్ కారు నడుపుతోంది. అమెరికాలోని ఈ మోరిస్‌విల్ ఊరి మీద సన్నగా వాన. ఆమె ఉంగరాల ఆఫ్రో జుట్టు ఏ క్లిప్పుకూ లొంగకుండా నల్లగా, గుండ్రంగా విచ్చుకుని కారు కప్పును తాకుతోంది. ఆర్నెల్ల కిందట ఆఫీసు మీటింగ్‌లో అందరి ముందూ అతని లెక్కలో తప్పు పట్టుకున్న రోజు నుంచీ అతను ఆ జుట్టు నీడలోనే ఉన్నాడు. ఒక్కసారీ తాకలేదు.

పోయిన ఆదివారం బాలమణి పెద్దమ్మ కూతురు రచన సీమంతంలో, పెద్దమ్మ రెండు చేతులూ ఆ జుట్టులోకి పోనిచ్చింది. "అబ్బ, ఎంత మెత్తగున్నది బిడ్డా, పత్తి తీర్గ!" వెంటనే ఇంకో ఇద్దరు ఆంటీలు వరసలోకి వచ్చారు.

"ఇంకా అదే ఆలోచిస్తున్నావా?" జనెల్ ఇంగ్లీషులో అడిగింది.

"లేదే."

"ఆలోచిస్తే నీ చెవి కదులుతుంది."

అతను చటుక్కున చెవి పట్టుకున్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఎయిర్‌పోర్ట్‌లో, కాఫీ క్యూలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వెనక నుంచి చెయ్యి పెట్టేస్తారు, శ్రేయాస్. నిజం జుట్టేనా అంటారు. మీ పెద్దమ్మ ఏమందో నువ్వు నాకు చెప్పావు. మరి నేను 'ప్లీజ్, వద్దు' అన్నాను. అది ఆవిడకి తెలుగులో ఏమని చెప్పావు?"

అతను కిటికీలోంచి వానను చూశాడు.

"రచన చెప్పిందిలే. 'చాలా సంతోషం అంటోంది' అన్నావట!"

"పెద్దవాళ్ళకి వద్దని చెప్పే వాక్యం నా దగ్గర లేదు జనెల్."

"తయారు చేసుకో. ఇవాళ ఆ మాట ఆవిడకి చేరాకే నేను కారు దిగుతాను. చేరకపోతే ఇటే వెనక్కి. ఇక లంచ్‌లూ లేవు, మనమూ లేము."

అతను నిజంగానే వెతికాడు. చిన్నప్పటి నుంచీ అరచేతులు అతని మీదికి దిగుతూనే ఉన్నాయి: నెత్తిన నూనె, బుగ్గ మీద గిల్లుడు, దీవెన. తల వంచడమే అతనికి తెలుసు. ఆ గిల్లుళ్ళు తనకూ నొప్పిగానే ఉండేవని ఇప్పుడే, ఈ సిగ్నల్ దగ్గరే గుర్తొచ్చింది.

పెద్దమ్మ ఇంటి ముందు కారు ఆగింది. ఇంట్లో వాసన పడుతుందని గరాజ్‌లో స్టవ్ పెట్టి గారెలు వేయిస్తున్న పెద్దమ్మ, జల్లిగరిటెతోనే వానలోకి వచ్చేసింది.

"ఏందిరా, పిల్లను కార్లనే కూసోబెట్టినవ్? గారెలు సల్లారుతున్నయ్!"

శ్రేయాస్ దిగి అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, వాన..."

"కనవడ్తలేదా నాకు? జరుగు."

"ఆ రోజు నువ్వు జుట్టు పట్టుకున్నప్పుడు తను వద్దంది. సంతోషమని నేను అబద్ధం చెప్పాను. అడక్కుండా ఎవరు తాకినా తనకి ఇష్టం లేదు. నీకూ చెప్పాలి, నేనే చెప్పలేదు."

అంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది. గరిటె నుంచి నూనె చుక్కలు రాలుతున్నాయి.

"నా పెండ్లిసూపులల్ల," అంది పెద్దమ్మ, "మీ పెద్దనాయిన మేనత్త నా జడ గుంజి సూసిందిరా, సవురమేమో, పెట్టుడు జుట్టేమో అని. అందరు నవ్విండ్రు. మీ పెద్దనాయిన గూడ నవ్విండు. నలభై ఏండ్లాయె. గా నవ్వు ఇయ్యాల్టికీ మర్వలే."

శ్రేయాస్ తల ఎత్తలేకపోయాడు.

ఆవిడ కారు దగ్గరికి వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది. జనెల్ అద్దం దించింది.

"తప్పయింది బిడ్డా. ఇగ ముట్ట." అతని వైపు తిరిగింది. "జెప్పు. ఉన్నదున్నట్టు. నా జడ ముచ్చట గూడ."

చెప్పాడు. మేనత్తనూ, పెద్దనాన్న నవ్వునూ, తన నవ్వునూ ఏదీ వదలకుండా. జనెల్ వింటూ ఆవిడ వైపే చూసింది. ఇద్దరి కళ్ళూ ఒకేసారి తడిగా నవ్వాయి.

"ఇంకోటి జెప్పు. వీడు ఒట్టి పిరికోడు, మంచిగ ఆలోచించుకో అను."

"పెద్దమ్మా!"

"జెప్తవా, గారెలు బంద్ జెయ్యాల్నా?"

అతను ఎర్రబడుతూ చెప్పాడు. జనెల్ ఇంజిన్ ఆపింది. సీటుబెల్టు తీసింది.

"బాగా ఆలోచించానని చెప్పు. పిరికివాడైనా వీణ్ణే ప్రేమిస్తున్నానని చెప్పు."

ఈ మాట శ్రేయాస్‌తోనే ఆమె ఇంకా అనలేదు. వానలో తడుస్తూ పెద్దమ్మ వైపు తిరిగి, ఒక్క ముక్క పోకుండా తెలుగులో చెప్పాడు.