ఆడవాళ్ళ బండ్లే ఆగే చోటు

ఊరు దాటి ఆసుపత్రి వైపు వెళ్ళే రోడ్డులో మూతపడిన పెట్రోలు బంకు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదంటారు. ఆపడం, ఆపకపోవడం మన చేతుల్లో ఉండదనీ అంటారు.

బంకు మూతపడి తొమ్మిదేళ్ళయింది. పంపులు ఎప్పుడో పీక్కుపోయారు. పైన రేకుల కప్పు ఒకవైపు ఒరిగిపోయింది. దాని కింద, మధ్యలో, బిల్లులు రాసే అద్దాల గది. అద్దాలు పొగచూరి నల్లగా ఉంటాయి. తలుపు లేదు.

ఆ గదిలో ఒకావిడ కూర్చుని బిల్లులు రాసేదట. ఓ రాత్రి బంకులో నిప్పంటుకుంది. పనివాళ్ళందరూ పరిగెత్తారు. మంట అటు పాకకూడదని ఎవరో ఆ గదికి బయటినుంచి గడియపెట్టి మరీ పరిగెత్తారు. లోపల మనిషి ఉందన్న సంగతి... తర్వాత గుర్తొచ్చిందట.

అప్పట్నుంచి అక్కడ బండ్లు ఆగిపోతాయి. అన్నీ కావు. ఆడవాళ్ళు నడిపేవే.

పారిపోయినవాళ్ళందరూ మగవాళ్ళు. గడియపెట్టినవాడూ మగవాడే. మరి ఆవిడ కక్ష ఆడవాళ్ళ మీదెందుకో ఎవరూ అడగరు. దెయ్యమయ్యాక కూడా మగవాళ్ళ జోలికి పోకూడదని ఎక్కడైనా రాసిపెట్టి ఉందేమో. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి పేరు కూడా పెట్టారు — కౌంటరమ్మ.

ఈ కథ నాకు చెప్పింది ఒక నర్సు. మా అమ్మ ఐసీయూలో ఉన్న రోజుల్లో, బయట బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న నాకు తన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "ఇంటికి బంకు మీదుగానే వెళ్తారా?" అని మొదలుపెట్టింది. జరిగింది ఆమెకే.

ఆమెకి వారంలో అన్నీ పగటి డ్యూటీలే, గురువారం తప్ప. గురువారం రాత్రి ఐసీయూలో వెయ్యాలని ఆమే పట్టుబట్టి అడిగి తీసుకుంది. నెలాఖరుకి నైట్ ఇన్‌చార్జి పదవి ఖాళీ అవుతోంది. పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న పదవి. పెద్ద సిస్టరు మాట కూడా ఇచ్చింది.

మొదటి గురువారం సాయంత్రం ఆరున్నరకి కారులో బయల్దేరింది. చీకటి పడింది. సన్నగా తుంపర. ఇంటి నుంచి ఆసుపత్రికి యాభై నిమిషాలు.

సగం దారి బాగానే సాగింది. తర్వాత రోడ్డు మీద వెలుతురు పచ్చబడుతున్నట్టు అనిపించింది. మంచేమో అనుకుంది. వైపర్లు ఇటునుంచి అటు వెళ్ళడానికి ఆయాసపడుతున్నాయి. రేడియోలో గొంతు సన్నబడి, సన్నబడి... ఆగింది. మీటర్లలో ముళ్ళు ఒక్కొక్కటే కిందికి వాలాయి. హారను నొక్కితే జలుబు చేసిన పిల్లి మూలిగినట్టు మూలిగింది.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. బండి దానంతటది కొంచెం దూరం దొర్లి నిలబడింది.

ఎదురుగా బంకు.

తాళం తిప్పింది. టిక్... టిక్... టిక్. అంతే.

భర్తకి ఫోన్ చేసింది. "తలుపులు లాక్ చేసుకో. కిందికి దిగకు. వచ్చేస్తున్నా," అన్నాడాయన. వచ్చాడు కూడా — మోటారు సైకిలు వెనక పాత బ్యాటరీ కట్టుకుని. టార్చి నోట్లో పట్టుకుని, ఎప్పటిలాగే బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడి బ్యాటరీ మార్చాడు. బండి స్టార్టయింది.

"ఏమైందండీ దీనికి?"

"బండిలో లోపమేమీ లేదు. బ్యాటరీ కొత్తది. మొన్న ఆదివారం నేనే కదా బిగించాను." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు — "నువ్వు... ఆ గది వైపు చూశావా?"

ఆమె చూడలేదు. అప్పుడు చూసింది.

రెండో గురువారం బంకుకి కాస్త ఇవతల ఆగింది. మూడో గురువారం కాస్త అవతల. దెయ్యాలు గీత గీసుకుని నిలబడవు కదా, బంకు దగ్గరే అన్నారందరూ. తెల్లవారి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. అది కూడా కౌంటరమ్మ లెక్కలోకే వెళ్ళింది. పగలు ఆవిడకి డ్యూటీ ఉండదట.

ఆ మూడోసారి, తలుపులు బిగించుకుని కూర్చున్న ఆమెకి ఎవరో తనని చూస్తున్నట్టు అనిపించింది. వెనక నుంచి కాదు. పక్కగా, బంకు వైపు నుంచి. మెడ తిప్పలేదు. భర్త మోటారు సైకిలు చప్పుడు వినబడేదాకా ఊపిరి కూడా మెల్లిగానే తీసింది.

వార్డుకి నలభై నిమిషాలు ఆలస్యం. పెద్ద సిస్టరు చార్టులోంచి తలెత్తకుండానే అంది — "మూడు వారాలయింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆ పదవి ఇంకొకరికి ఇస్తాను. నీ దెయ్యానికి నేను మెమో ఇవ్వలేను కదా."

ఇంట్లో అత్తగారు ఇంకో అడుగు ముందుకేసింది. "ఉద్యోగం మానమని చెప్పి చెప్పి బతికున్నవాళ్ళం అలిసిపోయాం కోడలా. చచ్చినావిడ పూనుకుంది, ఆవిడ మాటన్నా విను."

భర్త మాత్రం పల్లెత్తు మాట అనలేదు. "నీ ఇష్టం. నేను బలవంతం చెయ్యను. కానీ పగలంతా తిరిగే బండి, ఆ ఒక్క రాత్రే..." అని ఆపేసేవాడు. ఆమె ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన వీపు నిమిరాడు. రాత్రి డ్యూటీ వద్దని ఉత్తరం రాసి బ్యాగులో పెట్టుకుంది.

నాలుగో గురువారం మధ్యాహ్నం, ఆ ఉత్తరం ఇచ్చేముందు ఒక్కసారి బండి చూపిద్దామని, ఇంట్లో బ్యాంకు పనుందని చెప్పి బయల్దేరింది. ఆసుపత్రి వెనక సందులో బండ్ల వైరింగ్ చేసే షెడ్డుంది. నడిపేది ఒకావిడ. ఖాకీ చొక్కా, చెవి వెనక స్క్రూ డ్రైవరు. అందరూ వైరింగక్క అంటారు.

"అక్కా, దెయ్యం పట్టిన బండిని చూస్తావా?"

"బండికి పట్టిందా, మీకు పట్టిందా సిస్టరమ్మా? బండికైతే నేను చూస్తా. మీకైతే మీ డాక్టర్లున్నారు."

బానెట్ ఎత్తింది. బ్యాటరీ వైపు చాలాసేపు చూసింది.

"ఎవరు బిగించారు?"

"మా ఆయన."

"ఊఁ."

ఆ ఊఁ లో ఇరవయ్యేళ్ళ షెడ్డు అనుభవం ఉంది.

"ఇటు చూడండి. ప్లస్సు కడ్డీ లావు, మైనస్సు కడ్డీ సన్నం. తారుమారు కాకూడదనే అలా చేస్తారు. ఈ మైనస్సు క్లాంపుని సుత్తితో కొట్టి మరీ లావు కడ్డీకి ఎక్కించారు. నోరు ఎలా సాగిపోయిందో చూశారా? తర్వాత తప్పు తెలిసి మార్చారు. మారిస్తే వదులైపోయింది. అందుకే ఈ రేకు ముక్క చుట్టారు."

"తారుమారైతే ఏమవుతుంది?"

"మెరుపొస్తుంది. కాలిన వాసనొస్తుంది. ఇదిగో, ఇది పోతుంది." పక్కనున్న పెట్టె మూత తీసి ఒక పెద్ద ఫ్యూజు ఊడబెరికి అరచేతిలో పెట్టింది. నడుమ కరిగి తెగిపోయి ఉంది. "ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీ మళ్ళీ నిండేది ఈ దారినే. దారి తెగింది. మీ బండి ఉన్నదాన్నే తింటూ నడుస్తోంది. పగలు లైట్లుండవు, సరిపోతుంది. రాత్రి లైట్లు, వైపర్లు, రేడియో... నలభై నిమిషాలు, మహా అయితే."

"మా ఇంటి నుంచి బంకు నలభై నిమిషాలు."

"అయితే మీ కౌంటరమ్మ చేతికి వాచీ ఉందన్నమాట."

ఆమె నవ్వింది. మూడు వారాల తర్వాత నవ్వడం. పాపం ఆయనకి తెలియదు, చెప్తే ఎంత బాధపడతాడో అని కూడా అనుకుంది. పొరపాటే కదా. ఎవరు చెయ్యరు?

వైరింగక్క నవ్వలేదు. సీట్లో కూర్చుని తాళం సగం తిప్పింది. ఎదురుగా ఎర్ర దీపాలు వరసగా వెలిగాయి.

"బ్యాటరీ బొమ్మ దీపం ఏది? ఛార్జింగ్ లేదని చెప్పేది అదే. ఇప్పుడు అన్నిటితోపాటు వెలగాలి."

ఆ చోట చీకటి.

చెవి వెనక స్క్రూ డ్రైవరు తీసింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు స్క్రూలు. మీటరు పలక ముందుకి లాగి వెనక్కి వేలు పెట్టింది. ఆ వేలు ఒక చోట ఆగింది. అన్ని గూళ్ళలోనూ బల్బులున్నాయి. ఆ ఒక్క గూడూ ఖాళీ.

స్క్రూ డ్రైవరు మళ్ళీ చెవి వెనక్కి చేరింది.

"పొరపాటున తీగలు తారుమారవుతాయి," అంది వైరింగక్క మెల్లిగా. "కొత్తలో నేనూ చేశాను. పొరపాటున బల్బు ఊడిపోదు సిస్టరమ్మా."

"కానీ... రోజూ పొద్దున బండి స్టార్టవుతోంది కదక్కా?" ఆయన తరఫున ఆమెకి దొరికిన ఆఖరి మాట అది.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. నిండే దారి లేని బ్యాటరీ వారమంతా ఎలా పనిచేస్తోంది? ఎవరో రోజూ రాత్రి ఛార్జరు పెడుతున్నారు."

రోజూ రాత్రి భోజనమయ్యాక భర్త ఇంటి పక్క బండి పెట్టే షెడ్డులోకి వెళ్ళేవాడు. "నీ బండి తుడిచొస్తా," అనేవాడు. పెళ్ళాం బండి తుడిచే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆమె వార్డులో చెప్పుకుని మురిసిపోయేది కూడా.

కొత్త ఫ్యూజు పడింది. కొత్త బల్బు పడింది. ఇంజను తిప్పి మీటరు పెడితే ముల్లు పన్నెండు వోల్టులు దాటి పద్నాలుగు దగ్గర నిలబడింది, బ్యాటరీ నిండుతోందన్నమాట. "ఇంక మిమ్మల్ని ఏ బంకూ ఆపదు," అంది వైరింగక్క.

ఇంటికొచ్చి ఆమె ఏమీ అనలేదు. అడిగితే ఏమంటాడో ఆమెకి తెలుసు. తెలియనట్టు ఇంకో రెండు గంటలు బతకాలనిపించిందట.

ఆరింటికి భర్త మోటారు సైకిలు తీశాడు. "ఫ్రెండుని చూసి వచ్చేస్తా. నువ్వు జాగ్రత్త. ఏదైనా అయితే ఫోన్ చెయ్యి."

ఆరున్నరకి ఆమె బయల్దేరింది.

లైట్లు తెల్లగా ఉన్నాయి. సగం దారి... తెల్లగానే ఉన్నాయి. వైపర్లు చకచకా ఆడుతున్నాయి. రేడియోలో ఎవరో హాయిగా కబుర్లు చెబుతున్నారు. నలభై నిమిషాలు.

బంకు వచ్చింది.

ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. ఇన్ని వారాలు ఒంటరిగా ఉన్నప్పుడు మెడ తిప్పలేని చోటు. ఒక్కసారి చూసి పోదామనుకుంది. స్టీరింగు కొంచెం పక్కకి తిప్పింది. లైట్లు రెండూ వెళ్ళి అద్దాల గది మీద పడ్డాయి.

లోపల ఎవరో నిలబడి ఉన్నారు.

కదల్లేదు. నల్లటి అద్దం వెనక ఒక ఆకారం... బరువంతా ఎడమ కాలి మీద వేసి, రోడ్డు వైపే చూస్తూ. వెలుగు సూటిగా పడేసరికి చెయ్యెత్తి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

గోడ వెనక నుంచి సగం కనబడుతూ మోటారు సైకిలు. తలుపు లేని గుమ్మంలోంచి చూస్తే, కాళ్ళ దగ్గర పాత బ్యాటరీ.

ఎంతసేపట్నుంచి అలా నిలబడ్డాడో. ఇన్ని గురువారాలూ, ఆమె లోపల వణుకుతూ ఫోన్ చేస్తుంటే, ఎంతసేపు చూస్తూ నిలబడి, ఎప్పుడు బయల్దేరినట్టు కనిపించాలో లెక్క వేసుకున్నాడో...

ఆమె స్టీరింగు సరిచేసింది. గేరు మార్చింది. ఆపలేదు.

మలుపు తిరగ్గానే సీటు మీద ఫోన్ మోగింది. స్పీకరు నొక్కింది.

"ఎక్కడిదాకా వచ్చావు? బండి... బాగానే ఉందా?" గొంతులో ఎంత ప్రేమో. "నేను ఇంటికొచ్చేశా. ఇంట్లోనే ఉన్నా. భయపడకు."

"భయం లేదండీ," అందామె. ఆ రాత్రి పది నిమిషాలు ముందే వార్డులో ఉంది.

నా కప్పు ఖాళీ అయింది. ఇప్పుడు ఆ వార్డుకి రాత్రిళ్ళు ఆమే ఇన్‌చార్జి. ఆసుపత్రి పక్క వీధిలో ఒక్కతే ఒక గది తీసుకుని ఉంటోంది. ఆ రోడ్డున వెళ్ళాల్సిన పని లేదు.

"అయితే ఆ బంకులో దెయ్యం లేనట్టేగా సిస్టరూ?" అన్నాను.

లోపల ఎవరి మిషనో కూసింది. ఆమె లేచి, ఫ్లాస్కు మూత బిగిస్తూ నా వైపు చూసింది.

"లేదని నేనన్నానా? ఉంది. కళ్ళారా చూశాను. పదకొండేళ్ళు దాని పక్కనే నిద్రపోయాను."