ఓపల్ గదికి పోయిన వేడి

మా హార్న్‌పాస్‌లో చలికాలం తొందరగా వస్తుంది, వెళ్ళమంటే వెళ్ళదు. కొండ మీద ఇంత ఎత్తున గాలి పలచన. పరుగెత్తితే మనిషికే కాదు, పొయ్యిలో మంటకీ ఆయాసం వస్తుంది. కింద మైదానంలో ఇళ్ళని వెచ్చబెట్టే ఫర్నేస్‌ని అలాగే తెచ్చి ఇక్కడ పెడితే మంట పసుపుగా మారి మసి కక్కుతుంది, ఇల్లంతా విషవాయువు నిండుతుంది. గ్యాస్ వచ్చే రంధ్రాలు చిన్నవి చేసి, మంట నీలంగా వెలిగేదాకా సరిచేయాలి. నా పని అదే. మా నాన్న చేసేవాడు, ఇప్పుడు నేను చేస్తున్నాను.

ఆ మధ్యాహ్నం మంచు కురవడం మొదలైంది. నేను ఆఫీసులో కూర్చుని పచ్చిమిరపకాయల పులుసులో రొట్టె ముంచుకుని తింటున్నాను. మా యజమానురాలు డార్లా ఫోన్ పెట్టేసి నావైపు చూసింది.

"ఎలోయిసా, ట్రెగో ముసలాడు. ఇల్లు గడ్డకట్టిపోయిందట."

"పోయినసారి మన పనివాడి మీదికి పార ఎత్తాడే, ఆయనేనా?"

"ఆయనే. తిట్లు మొదలుపెట్టకముందే ఫోన్ పెట్టేశా. వెళ్తావా? చీకటి పడితే కనుమ దారి మూసేస్తారు."

"చలికి చచ్చిపోతే మన పేరే చెప్తారు. వెళ్ళొస్తా."

ట్రెగో ఇల్లు ఊరి బయట, మూతపడిన వెండి గని దారిలో ఉంటుంది. పొడుగాటి చెక్క ఇల్లు. నేను చేరేసరికి మంచు అడ్డంగా కొడుతోంది. తలుపు తీసిన మనిషి ఓవర్‌కోటు మీద దుప్పటి, టోపీ మీద టోపీ వేసుకుని ఉన్నాడు. పెదాలు నీలం.

"ఆడదాన్ని పంపారా?"

"పనిముట్లు కూడా పంపారు. తలుపు మూయండి, ఉన్న వేడి కాస్తా పోతుంది."

"ఉంటే కదా పోవడానికి!"

నిజమే. లోపల బయటికంటే ఘోరంగా ఉంది. వంటింటి బల్ల మీద గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి, గ్లాసు పగిలి ఉంది. ఎక్కడినుంచో తడి ఉన్నిని ఇస్త్రీ చేస్తున్న వాసన వస్తోంది. ఆ ఇంట్లో ఇస్త్రీ చేసేవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

ఫర్నేస్ వంటింటి వెనక చిన్న గదిలో ఉంది. ముందు అది ఆగిపోయిందనుకున్నాను. కాదు. మంట నీలంగా, నిలకడగా వెలుగుతోంది. ఫ్యాన్ తిరుగుతోంది. విషవాయువు చూపే మీటర్ పెడితే సున్నా. ఫర్నేస్ తల మీద గొట్టాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలింది.

వంటింట్లో, గొట్టాల్లోంచి వేడిగాలి వచ్చే నేల జాలీ దగ్గర అరచెయ్యి పెట్టాను. చల్లగాలి. ముందుగదిలోనూ అంతే. జేబులోంచి పల్చటి కాగితం రుమాలు తీసి జాలీ మీద పట్టుకున్నాను. వేడిగాలి వచ్చే చోట అది పైకి ఎగరాలి. ఎగరలేదు. జాలీకి అతుక్కుపోయింది. ఊదాల్సింది... పీలుస్తోంది.

"చూశావా?" అన్నాడు వెనకనుంచి ట్రెగో. "మొత్తం అదే లాక్కుంటోంది."

"ఏది?"

ఆయన గడ్డంతో, గదుల మధ్య నడిచే వసారా చివరి తలుపు చూపించాడు.

"ఓపల్. నా చెల్లెలు. చచ్చి ఏడాది కావస్తోంది. ఇంకా బుద్ధి రాలేదు."

నేను ఆ తలుపు దాకా నడిచాను. అడుగడుక్కీ గాలి వెచ్చబడింది. తలుపు మీద రంగు పొక్కులు లేచి ఉంది. అరచెయ్యి ఆనిస్తే... ఎండలో నిలబెట్టిన బండిలా వేడి. ఆ వాసన అక్కడినుంచే వస్తోంది.

"తలుపు తియ్యండి, లోపల చూడాలి."

"తియ్యను. నువ్వు నేల కిందికి దిగు. ఆ గదికి పోయే గొట్టం కోసి, మూతేసి, నీ దారిన నువ్వు పో. చూడాల్సినవేం లేవు."

"ఎందుకంత పంతం?"

"ఈ ఇల్లు మా నాన్న మా ఇద్దరికీ రాసి పోయాడు. సగం తనది, సగం నాది. అమ్ముదామంటే ఒప్పుకోదు. పొమ్మంటే పోదు. గోడ అవతల అది దగ్గితే ఇవతల నేను రేడియో పెంచేవాణ్ణి. వయసంతా అలాగే గడిచింది. ఇప్పుడు చచ్చాక కూడా నా వంతు వేడి కావాలట దానికి!"

ఆ మాటల్లో ఏడుపేమీ లేదు. ఉన్నదంతా కోపమే. ముసలాళ్ళకి చలి తలకెక్కితే ఇలాగే మాట్లాడతారని నాకు నేను చెప్పుకున్నాను. ఫర్నేస్ పక్కన నేల తలుపు ఎత్తి, లైటు పట్టుకుని కిందికి దిగాను.

ఇంటికీ నేలకీ మధ్య బోర్లా పడుకుని పాకేంత చోటుంది. మట్టి రాయిలా గడ్డకట్టి ఉంది. తల మీద రేకు గొట్టాలు, వాటిల్లో ఫ్యాన్ హోరు. పెద్ద గొట్టం వెంబడే మోచేతుల మీద పాకాను. నా ఊపిరి పొగై లైటుకి అడ్డం వస్తోంది. గొట్టం వసారా కిందుగా వెళ్ళి... ఆగిపోయింది.

రంపంతో కోసేశారు. కోసిన చోట రేకు మూత పెట్టి స్క్రూలు బిగించారు. మూత మీద దుమ్ము, బూజు. ఈ మధ్య పెట్టింది కాదు.

లైటు ముందుకి వేశాను. ఓపల్ గది కింద చెక్కలు తప్ప ఏమీ లేవు. గొట్టం లేదు, జాలీ లేదు, ఒక తీగ కూడా లేదు. కానీ ఆ చెక్కలనుంచి ఆవిరి దిగుతోంది. వాటి కింద మట్టి కరిగి బురదైంది. ఇంత చలికాలంలో... వాన పడ్డాక వచ్చే మట్టి వాసన.

అప్పుడు ఫ్యాన్ హోరు ఆగింది.

చీకట్లో నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. ఇంకో చప్పుడు కూడా. మూత వెనక, గొట్టం లోపల... ఎవరో పొడుగ్గా గాలి పీల్చుకుంటున్నారు.

"అన్నయ్యా..."

గుసగుస. రేకు మీద నుంచి జారి వచ్చినట్టుంది.

"అన్నయ్యా... చలేస్తోంది."

గోళ్ళు రేకు మీద తట్టాయి. మెల్లగా. మర్యాదగా, తలుపు తట్టినట్టు. నా లైటు మూత మీదే ఉంది. ఒక స్క్రూ కదిలింది. దాని తల... నెమ్మదిగా... తిరుగుతోంది. బయటికి వస్తోంది.

ఎలా వెనక్కి పాకానో తెలీదు. మోచేతులు చీరుకుపోయాయి. పైకి వచ్చి నేల తలుపు మూసి, దానిమీద పనిముట్ల పెట్టె లాగి పెట్టాను.

ట్రెగో వంటింట్లో కుర్చీలో వణుకుతున్నాడు.

"కోశావా?"

"కోయడానికి ఏముంది? ఆ గదికి గొట్టమే లేదు. ఎవరో ఎప్పుడో కోసేశారు."

ఆయన నావైపు చూడలేదు.

"తెలుసు. నేనే కోశాను. పోయిన జనవరిలో. మళ్ళీ కలుపుకుందేమోనని నీతో చూపించాను."

"జనవరిలోనా? ఆవిడ లోపల ఉండగానా?"

"బయటికి వస్తుందనుకున్నా! వచ్చి ఒక్క మాట అడిగితే చాలు. 'అన్నయ్యా, చలేస్తోంది' అంటే చాలు, ఆ క్షణమే కలిపేసేవాణ్ణి. అడగలేదు. గోడ మీద కొట్టింది. రాత్రంతా కొట్టింది. అడగడం మాత్రం అడగలేదు." ఆయన దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "డాక్టర్ గుండె ఆగిందన్నాడు. ముసల్ది కదా."

నేను నేల తలుపు మీది పెట్టె వైపు చూశాను.

"ఇప్పుడు అడుగుతోంది. కింద విన్నాను. ఆ మాటే."

ట్రెగో లేచి బల్ల మీద గుద్దాడు.

"అబద్ధం! అప్పుడు అనలేదు ఆ మాట! అప్పుడెందుకు అనలేదు?"

వసారా చివర, గోడ మీద... ఒక దెబ్బ. మెత్తగా.

ఆ మనిషి ఎలాంటివాడైనా సరే, అక్కడ వదిలిపెట్టి వెళ్ళలేను. "నా బండిలో హీటర్ ఉంది, రండి" అని బయటికి పరుగెత్తి ఇంజను తిప్పాను. ఇంజను బాగానే వేడెక్కింది. హీటర్ పూర్తిగా తిప్పాను. లోపలికి వచ్చింది మాత్రం మంచు గాలి. అద్దం లోపలివైపు నా కళ్ళ ముందే మంచుపూత పాకింది. దాని మీద, లోపలినుంచి, ఏదో బరువుగా ఊపిరి వదిలినట్టు గుండ్రటి మచ్చ పడింది. బండిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

డార్లాకి ఫోన్ చేశాను.

"దారి మూసేశారే తల్లీ! తెల్లారితే గానీ మంచు తోసే బండి రాదు. ఇంట్లోనే ఉండు. పొయ్యి దగ్గర కూర్చో."

"డార్లా, ఈ ఇంట్లో..."

లైను తెగిపోయింది.

లోపలికి వచ్చేసరికి ట్రెగో వణకడం మానేశాడు. మా కొండల్లో పెరిగినవాళ్ళకి అదేమిటో తెలుసు. వణుకు ఆగిందంటే ఒంట్లో పోరాడే శక్తి అయిపోయిందని. దుప్పటి తీసేశాడు. చలి అంత ముదిరితే ఒళ్ళు మండినట్టుంటుంది; కోటు బొత్తాలు కూడా విప్పుకుంటున్నాడు.

"కోటు విప్పొద్దు! నా దగ్గరికి రండి, ఇద్దరం ఒక దుప్పట్లో..."

"ఇది మా నాన్న ఇల్లు," అన్నాడు తనలో తను. వసారాలోకి నడిచాడు. నేను ఆయన కోటు చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దాయనా, వద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ తలుపు జోలికి పోవద్దు."

ఆయన తలుపు ముట్టుకోలేదు. అదే తెరుచుకుంది.

వెచ్చటి గాలి నా మొహాన్ని తడిమింది. లోపల సాయంత్రపు ఎండలాంటి వెలుతురు. బయట తుఫాను, ఆకాశం నల్లగా ఉంది. ఎండ ఎక్కడిది? మంచం కొస కనిపించింది, కిటికీ కనిపించింది, మనిషి మాత్రం కనిపించలేదు. ట్రెగో నా చెయ్యి విదిలించుకుని గడప మీద నిలబడ్డాడు.

"వెచ్చదనం నీ ఒక్కదాని సొత్తు కాదు. జరుగు."

లోపల మంచం కిర్రుమంది. ఎవరో జరిగారు.

ఆయన వెళ్ళాడు. తలుపు మెల్లగా మూసుకుంది.

నేను తలుపు మీద అరచెయ్యి ఆనించాను. దాని కింద వేడి తగ్గిపోతోంది... ఇంకా తగ్గింది... చర్మం అతుక్కుంది. లాక్కునేసరికి తలుపంతా తెల్లగా మంచు పట్టింది. వేళ్ళ తోలు కొంచెం దాని మీదే ఉండిపోయింది.

"అమ్మాయ్!" లోపలినుంచి ట్రెగో. "తియ్యి! చీకటిగా ఉంది... తలుపు తియ్యి!"

గునపం తెచ్చి సందులో పెట్టి నా బరువంతా వేశాను. అంత పాత చెక్కకి ఒక్క పెళ్ళ కూడా ఊడలేదు. గోడ మీద దెబ్బలు మొదలయ్యాయి. గట్టిగా. రెండు చేతులతో.

ఆ దెబ్బల మధ్య ఆడగొంతు వినిపించింది. కోపం లేని గొంతు.

"అడుగన్నయ్యా... ఒక్క మాట."

దెబ్బలు ఆగాయి.

"అడగండి!" అని నేను అరిచాను. "ట్రెగో గారూ, ఆవిడ్ని అడగండి! చలేస్తోందని చెప్పండి!"

ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అడగను," అన్నాడు.

తర్వాత దెబ్బలు మాత్రమే. నెమ్మదించాయి. ఇంకా నెమ్మదించాయి. మధ్య మధ్య ఆవిడ ఓపిగ్గా అంటూనే ఉంది. "అడుగు... అడుగు..." నేను అరుస్తూనే ఉన్నాను, గొంతు పోయేదాకా. చివరి దెబ్బ తలుపుకి చాలా కిందుగా, నేల దగ్గర వినిపించింది.

అప్పుడు ఇల్లంతా ఒక్కసారి నిట్టూర్చింది. అన్ని జాలీల్లోంచీ వేడిగాలి వచ్చింది. వంటింట్లో, ముందుగదిలో, వసారాలో. గ్లాసులో మంచు కరిగి బల్ల మీదనుంచి చుక్కలు చుక్కలుగా పడింది. తెల్లారేదాకా నేను గోడకి ఆనుకుని, చెమటలు కారుతూ, ఆ హాయైన వెచ్చదనంలో కూర్చున్నాను. కోటు విప్పడానికి కూడా ధైర్యం చాలలేదు.

పొద్దున మంచు తోసే బండి వెనకే మా ఊరి పోలీసు అధికారి షెరీఫ్ పంపిన మనిషి వచ్చాడు. తలుపు పిడి తిప్పాడు. మామూలుగా తెరుచుకుంది. ట్రెగో గోడ పక్కన ముడుచుకుని, పిడికిలి ఎత్తి, రాయిలా గడ్డకట్టి ఉన్నాడు. కిటికీ మూసే ఉంది. మంచం మీద పరుపు లేదు.

"ముసలాయనకి మతిపోయి ఉంటుంది," అన్నాడు షెరీఫ్ మనిషి. నా కట్టు కట్టిన చేతిని చూసి, మళ్ళీ చుట్టూ చూసి, "ఇల్లు మాత్రం భలే వెచ్చగా ఉందే," అన్నాడు.

ఆ వారం చివర్లో మా ఆఫీసుకి కింద ఊరినుంచి ఫోన్ వచ్చింది. శవపరీక్ష చేసే ఆఫీసులో ఉద్యోగి. ట్రెగో ఇంటికి వెళ్ళినావిడ కావాలన్నాడట. డార్లా ఫోన్ నా చేతికిచ్చింది.

"మీరు ఫర్నేస్‌ల మనిషి కదా," అన్నాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. "ఒక సంగతి అడగాలి. నవ్వొద్దు. ఆయన ఇంకా కరగలేదు. మామూలు గదిలోనే పెట్టాం, అయినా కరగడం లేదు. దానికి మా డాక్టర్ ఏదో కారణం చెప్పాడు. అది కాదు... ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అందులోంచి వేడిగాలి వస్తోంది."

"ఊపిరా?" అన్నాను.

"కాదు. ఊపిరైతే లోపలికి కూడా పోవాలి కదా," అన్నాడతను. "ఇది మీ ఫర్నేస్ జాలీలోంచి వచ్చినట్టు బయటికే వస్తోంది. నిన్నటినుంచీ... ఆగకుండా."